కారు తాళం పోకుండా: హుక్కా, రొంటా, ట్యాగా, రెండో తాళమా?

కారు తాళం కనిపించడం లేదని ఎవరితోనైనా అనండి, వెంటనే వచ్చే సలహా ఒకటే: "ఒక ట్యాగ్ కొని తగిలించెయ్యన్నా, అయిపోతుంది." ట్యాగ్ అంటే తాళానికి తగిలిస్తే అది ఎక్కడుందో ఫోనులో చూపించే చిన్న బిళ్ల. మంచిదే. కాకపోతే అది తాళాన్ని పోకుండా ఆపదు. పోయాక ఎక్కడుందో చెబుతుంది, అదీ మన చేతిలో ఫోను ఉంటేనే. తిరుమల కొండకు పోయి క్యూలో అడుగుపెట్టే ముందు ఫోను కౌంటర్లో ఇచ్చేసే తిరుపతి వాళ్లకు ఆ షరతు చిన్నదేం కాదు.

అందుకని ఏది కొనాలి అనేదానికన్నా ముందు, మనకు కావాల్సిన పని ఏమిటో తేల్చుకోవాలి. అంగట్లో దొరికేవీ ఇంట్లో చేసుకునేవీ కలిపి చూస్తే కొన్ని తాళం చేయి జారకుండా చూస్తాయి: గోడకు హుక్కు, జిప్పు జేబు, నడుముకు క్లిప్పు లాంటివి. కొన్ని జారిపోయినదాన్ని వెతికిపెడతాయి. ట్యాగ్ ఆ జాతిదే, కీచైన్ మీద రాసుకున్న ఫోన్ నంబరు కూడా ఆ జాతిదే. ఇంకొన్ని, తాళం అసలు దొరక్కపోయినా బండిని ఇంటికి చేరుస్తాయి. రెండో తాళం, ఫోనులో ఉండే డిజిటల్ కీ ఆ కోవలోకి వస్తాయి. ఒక పనికి పనికొచ్చేదాన్ని కొని, ఇంకో పని చేయలేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువమంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ దగ్గర ఇప్పుడు ఒకే తాళం ఉంటే, మొదటి రూపాయి రెండో తాళం మీదే పెట్టండి. మిగతా పోలికంతా ఆ తర్వాత.

## ముందు చూసుకోవాల్సినవి

తాళం మామూలుగా ఎక్కడ పోతోంది? ఇల్లు దాటకుండా ఇంట్లోనే మాయమయ్యే తాళం వేరు, లీలామహల్ సర్కిల్ దగ్గర దుకాణంలో కౌంటరు మీద మరిచిపోయే తాళం వేరు. ఇంకో రకం ఉంది, అది నిజానికి పోవడమే కాదు. మీరు ఇల్లంతా గాలిస్తుంటే అది మీ అబ్బాయి ప్యాంటు జేబులో రేణిగుంట చేరి ఉంటుంది. గడిచిన ఏడాదిలో మీ తాళం కనపడకుండా పోయిన సందర్భాలు గుర్తు తెచ్చుకోండి. అవన్నీ దాదాపు ఒకే రకంగా ఉంటాయి, ఆ రకానికే మందు వేయాలి.

ఆ సమయంలో ఫోను చేతిలో ఉంటుందా? ఆఫీసుకూ బజారుకూ తిరిగేవాళ్లకు ఉంటుంది. దర్శనానికి వెళ్లినప్పుడు ఉండదు. బ్యాటరీ అయిపోయినప్పుడు ఉన్నా లేనట్టే.

ఎంతమంది నడుపుతారు? ఒక్కరే నడిపే కారుకు పనిచేసే పద్ధతి, తండ్రీ కొడుకూ అప్పుడప్పుడూ పిలిపించుకునే యాక్టింగ్ డ్రైవరూ నడిపే కారుకు పనిచేయదు.

తాళం ఏ రకం? దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పోతే పడే దెబ్బ ఎంతో దీన్నిబట్టే తేలుతుంది.

పాత మారుతి 800 లాంటి వాటికి ఉండేది వట్టి ఇనుప తాళం. బజారులో తాళాలు చేసే మనిషి అలాంటిదే ఖాళీ తాళం ఒకటి తీసి, రెండింటినీ పక్కపక్కన బిగించి, మిషను మీద పళ్లు కోసి, ఆకురాయితో అంచులు సాపు చేసి ఇచ్చేస్తాడు. అది వందల్లో తేలిపోయే పని.

ఆ తర్వాత వచ్చిన కార్లలో తాళం తల భాగంలో చిన్న చిప్ ఉంటుంది. చిప్‌ను కారు గుర్తుపట్టకపోతే ఇంజను స్టార్ట్ కాదు. ఈ ఏర్పాటునే ఇమ్మొబిలైజర్ అంటారు. అందుకే బజారులో పళ్లు కోయించుకొచ్చిన తాళంతో తలుపు తెరుచుకుంటుంది, బండి మాత్రం కదలదు. చిప్‌ను కారుకు పరిచయం చేసే పరికరం ఉన్నచోటికే పోవాలి, లెక్క వేలల్లోకి వెళుతుంది.

మూడోది బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్ల స్మార్ట్ కీ. కొన్ని మోడళ్లలో దీని ధర ఐదంకెలకు చేరుతుంది. దీనికి ఇంకో గుణం ఉంది. జేబులోనే ఉంచుకుని నడిపే తాళం కాబట్టి బయటికి తీసే పనే పడదు, ఆ మేరకు పోయే అవకాశం తక్కువ. ఆ కారణంగానే అది జేబులో ఉందో లేదో మనకు పట్టదు కూడా. ఇంజను ఆపకుండా ఒకరు దిగి ఇంకొకరు నడుపుకుంటూ పోతే, దిగినవాళ్ల జేబులో తాళం ఉండిపోతుంది. నడుస్తున్న ఇంజను అందుకోసం ఆగదు. కారు ఒకసారి హెచ్చరించి ఊరుకుంటుంది. చేరినచోట ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు.

## ఒక్క చూపులో

| మార్గం | ఖర్చు | ఇంట్లో పోతే | బయట పోతే | ఫోను లేకుండా కొండ మీద |
|---|---|---|---|---|
| ఇంట్లో ఒకే చోటు (హుక్కు, గిన్నె) | లేనట్టే | బాగా పనికొస్తుంది | పనికిరాదు | పనికిరాదు |
| ఒంటి మీద ఒకే చోటు (క్లిప్పు, సంచి) | వందల్లో | కొంతవరకు | బాగా పనికొస్తుంది | అన్నిటికన్నా మేలు |
| కీచైన్ మీద ఫోన్ నంబరు | పదుల్లో | అవసరం లేదు | దొరికినవాళ్లు మంచివాళ్లైతే | రెండో నంబరు ఉంటే మేలు |
| బ్లూటూత్ ట్యాగ్ | వేల లెక్కలో | చాలా బాగా | చుట్టూ జనం ఉంటే | ఫోను చేతికొచ్చాకే |
| రెండో తాళం | తాళం రకాన్నిబట్టి | గండం గడుస్తుంది | గండం గడుస్తుంది | పక్కన ఇంకొకరి దగ్గర ఉంటే |
| ఫోనులో డిజిటల్ కీ | కారుతో పాటే వస్తుంది | బాగా | బాగా | ఫోను చేతికొచ్చాకే |

ఈల వేస్తే మోగే చవక కీచైన్లను పట్టికలో చేర్చలేదు. మా ఇంట్లో ఒకప్పుడు ఉన్నది కుక్కర్ విజిల్‌కు కూడా బదులు పలికేది.

## రెండో తాళం

కొత్త కారుతో సాధారణంగా రెండు తాళాలు ఇస్తారు. ఒకటి వాడతాం, రెండోది బీరువాలో పడేస్తాం. కొన్నాళ్లకు మొదటిది పోతే రెండోది బయటికొస్తుంది. అప్పుడు "ఒకటుంది కదా" అని ఊరుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

చేతిలో ఒక తాళం ఉండగా ఇంకోటి చేయించుకోవడం తేలిక, ఖర్చూ తక్కువ. రెండూ పోయాక చేయించాలంటే కారునే సర్వీస్ సెంటరుకు లాక్కుపోవాలి. కొన్ని కార్లకు లాక్‌లన్నీ సెట్టుగా మార్చమంటారు. ఆ కారు కొండ మీద పార్కింగ్‌లో ఉందనుకోండి, ఘాట్ రోడ్డు మీదుగా టోయింగ్ బండి ఎక్కించి దించాలి. ఆ బిల్లు చూస్తే రెండో తాళం ఖరీదు చిల్లర డబ్బులా కనిపిస్తుంది.

చేయించడానికి వెళ్లేటప్పుడు ఆర్‌సీ, యజమాని గుర్తింపు కార్డు పట్టుకెళ్లాలి. తాళం పోయిందని చెబితే పోలీసు ఫిర్యాదు కాపీ కూడా చాలాచోట్ల అడుగుతారు. తాళం బయటి నుంచి తెప్పించాల్సి వస్తే రోజులు పడుతుంది కాబట్టి ఊరెళ్లే ముందు రోజు పరుగెత్తితే లాభం లేదు. పోయిన తాళాన్ని కారు మెమరీ నుంచి తీసేయగలరేమో కూడా అప్పుడే అడగండి. చాలా కార్లలో కుదురుతుంది. అప్పుడు పాత తాళం ఎవరికి దొరికినా దాంతో ఇంజను స్టార్ట్ కాదు.

సరే, రెండోది ఎక్కడ పెట్టాలి? డ్యాష్‌బోర్డులో పెట్టేవాళ్లున్నారు. కారు లాక్ అయిపోతే అది అద్దంలోంచి కనిపిస్తూ వెక్కిరించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మొదటి తాళం ఉన్న గుత్తిలోనే తగిలించేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు ఒకేసారి రెండూ పోతాయి. కారు కింద అయస్కాంతం డబ్బాలో దాచడం ఆన్‌లైన్లో అందరూ చెప్పే చిట్కా. వట్టి ఇనుప తాళమైతే గతుకుల రోడ్డు మీద డబ్బా ఊడిపోతుందేమో అన్న భయం ఒక్కటే. స్మార్ట్ కీని మాత్రం అలా అస్సలు పెట్టొద్దు. తాళం దగ్గర్లోనే ఉందని కారు నమ్ముతుంది, ఎవరు వచ్చి హ్యాండిల్ పట్టుకున్నా తలుపు తీసేస్తుంది.

ఊళ్లోనే, పది పదిహేను నిమిషాల్లో తెచ్చి ఇవ్వగల మనిషి దగ్గర ఉంచడం మంచిది. బాలాజీ కాలనీలో మీరు ఉంటే కొర్లగుంటలో అక్క ఇంట్లో ఒకటి ఉండనివ్వండి. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు దగ్గర ఉంటే అది ఉన్నట్టు లెక్క కాదు. దూర ప్రయాణానికి ఇంటిల్లిపాదీ వెళితే, మొదటిది నడిపేవాళ్ల దగ్గర, రెండోది పక్కవాళ్ల దగ్గర. ఇద్దరివీ ఒకే హ్యాండ్‌బ్యాగులో వేస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే.

ఇన్సూరెన్సు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కారు పాలసీతో పాటు తాళం పోతే ఖర్చు ఇచ్చే యాడ్-ఆన్ దొరుకుతుంది. స్మార్ట్ కీ ఉన్నవాళ్లు తీసుకోవడం మంచిదే. ఏడాదికి ఎన్ని క్లెయిములు ఇస్తారో, పోలీసు కాగితం కావాలో అక్కర్లేదో పాలసీలో చదువుకోండి. దీనికన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. కారే దొంగల పాలైతే క్లెయిము సమయంలో బీమా కంపెనీలు రెండు తాళాలూ చూపించమని అడుగుతాయి. ఒకటి ఎప్పుడో పోయి, ఫిర్యాదు కూడా ఇవ్వకుండా ఊరుకుని ఉంటే అప్పుడు సమాధానం చెప్పుకోవడం కష్టం. అందుకే తాళం పోయిన రోజే ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితాన్ని పాలసీతో కలిపి పెట్టుకోండి.

## ఒంటి మీద ఒకే చోటు

తిరుపతిలో ఉండేవాళ్లకు ఇది అన్నిటికన్నా ముఖ్యం అంటాను. సంప్రదాయ దుస్తుల్లో దర్శనానికి వెళితే పంచెకు జేబు ఉండదు. ప్యాంటులో ఉండాల్సిన తాళం పంచె కట్టేసరికి రొంటికి చేరుతుంది. ఇనుప తాళమైతే మడతలో పట్టి నిలుస్తుంది. స్మార్ట్ కీ గుండ్రంగా, నున్నగా, బరువుగా ఉంటుంది. క్యూలో గంట నిలబడి, కాస్త కూర్చుని లేచేసరికి మడత వదులై జారుతుంది. రొంటిన దోపుకోక తప్పదంటే, తాళాన్ని కాకుండా దాని రింగుకు కట్టిన చిన్న గుడ్డ సంచిని దోపండి. సంచి తాడును మొలతాడుకో పంచె మీది బెల్టుకో ముడేయండి. బెల్టుకే పర్సు ఉండేవి కూడా దొరుకుతాయి, పంచె కట్టేవాళ్లకు అంతకన్నా సుఖం లేదు.

చీర కట్టుకునేవాళ్లు కొంగున ముడేసుకోవడం పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది. తాళాన్ని ముడిలో చుట్టకుండా, కొంగు అంచును రింగులోంచి దూర్చి ముడేయాలి. అప్పుడు ముడి వదులైనా తాళం వేలాడుతుంది కానీ కింద పడదు. ఆ బరువు తెలుస్తూనే ఉంటుంది.

గుండు చేయించుకునేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి, స్నానం చేసి, తడిబట్టలు విప్పి పొడివి కట్టుకునే ఆ పది నిమిషాల్లో జేబులన్నీ ఖాళీ అవుతాయి. పర్సు, తాళం, ఉంగరం కుళాయి గట్టు మీదకు చేరతాయి. పర్సు గుర్తుంటుంది, తాళం గుర్తుండదు. గుండు చేయించుకోని మనిషి ఒకరుంటే, వాళ్ల చేతికి ఇచ్చి తర్వాత లోపలికి వెళ్లండి.

మెట్ల దారిన వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు. అలిపిరిలో కారు పెట్టి, సామాను కౌంటర్లో ఇస్తే అది పైకి చేరుతుంది, మీరు 3,550 మెట్లూ ఎక్కి పైన తీసుకోవచ్చు. మంచి ఏర్పాటు. అయితే తాళం ఆ బ్యాగు పక్క జేబులో వేసి ఇచ్చేస్తారు కొందరు. సగం దారిలో ఎవరికైనా మోకాలు పట్టేసి వెనక్కు దిగితే, కారు కింద, తాళం పైన. బ్యాగు ఇచ్చే ముందు తాళం ఒంటి మీదకు రావాలి. శ్రీవారి మెట్టు దారికైనా ఇదే మాట.

ప్యాంటు వేసుకునేవాళ్లకు బెల్టు హుక్కుకు తగిలించుకునే స్టీలు క్లిప్పు చాలు. దాన్ని జేబు లోపలికి వేలాడదీయండి, బయటికి వేలాడితే బస్సు కమ్మీలకూ బండి హ్యాండిళ్లకూ తగులుకుంటుంది. మెడలో వేసుకునే తాడు నాకు నచ్చదు. పని చేసేటప్పుడు అడ్డం వచ్చి తీసి పక్కన పెడతాం, అక్కడే మరిచిపోతాం.

## ఇంట్లో ఒకే చోటు

"నాయనా, కారు బీగాలు యాడ పెట్టినావు?"

"నిన్న చంద్రగిరికి ఎత్తుకుపోయింది నువ్వే కదరా!"

ఈ సంభాషణ వినపడే ఇంటికి ట్యాగ్ కన్నా ముందు ఒక గిన్నె కావాలి. చాలామంది అందమైన కీ స్టాండు కొని, గోడకు మేకు కొట్టి, వారం తర్వాత దాన్ని మర్చిపోతారు. కారణం అది వేలాడే చోటు. బయటి నుంచి వచ్చినప్పుడు ఒక చేతిలో పాల ప్యాకెట్లు, ఇంకో చేతిలో కూరగాయల సంచి ఉంటాయి. అవి దించే చోటే తాళం కూడా దిగుతుంది. ఫ్రిజ్ మీద, టీవీ పక్కన, దేవుడి గూట్లో ఎక్కడో ఒకచోట. ఆ చోటును మార్చాలని చూడకుండా, అక్కడే ఒక చిన్న గిన్నె పెట్టేయండి. అలవాటు మార్చడం కన్నా గిన్నెను జరపడం తేలిక.

వీధి కిటికీలోంచి కనపడే చోటు వద్దు, కర్రకు కొక్కెం కట్టి లాగే దొంగలకు అది ఆహ్వానం. నడక నేర్చుకుంటున్న పిల్లలున్న ఇంట్లో వాళ్ల చేతికి అందని ఎత్తులో ఉండాలి. రిమోటు బటన్లంటే వాళ్లకు ప్రాణం, ఆడుకుని బియ్యం డబ్బాలో వేస్తే నెలాఖరుకు గానీ బయటపడదు. స్మార్ట్ కీ అయితే కారుకు మరీ దగ్గరగా, పోర్టికో గోడకు ఆనించి పెట్టొద్దు. కారూ తాళం ఒకదాన్నొకటి పలకరించుకుంటూ తాళం బ్యాటరీ త్వరగా అయిపోవచ్చు. అయిపోయినా కంగారు పడొద్దు. చాలా స్మార్ట్ కీల లోపల తలుపు తీయడానికి చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది. చాలా కార్లలో తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే ఇంజను స్టార్ట్ అవుతుంది. కారు పుస్తకంలో ఆ పేజీ ఒకసారి చూసి ఉంచుకోండి.

ఈ మార్గంలో లోటు ఒక్కటే, గడప దాటితే దీని పని అయిపోతుంది.

## బ్లూటూత్ ట్యాగ్

ముందు ఒక అపోహ తీసేయాలి. ఈ ట్యాగుల్లో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. అది బ్లూటూత్ మీద చిన్నగా సంకేతం పంపుతూ ఉంటుంది. పక్కనుంచి వెళ్లే ఎవరి ఫోనో దాన్ని విని, వాళ్లకు తెలియకుండానే, ఆ చోటును మీ ఫోనుకు చేరవేస్తుంది. కాబట్టి పోయినచోట జనం తిరుగుతుంటేనే దాని ఆచూకీ తెలుస్తుంది. గాంధీ రోడ్డులోనో రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం దగ్గరో పడిపోతే తొందరగానే తెలుస్తుంది. బంగారుపాళెం దగ్గర మామిడి తోటలో, తలకోన అడవి దారిలో పడిపోతే చివరిసారి ఎక్కడ కనిపించిందో ఆ పాత చోటే చూపిస్తూ ఉంటుంది.

ఏ ట్యాగ్ అన్నది మీ ఫోనే తేలుస్తుంది. ఐఫోను వాళ్లకు 2021లో మొదట వచ్చిన యాపిల్ ఎయిర్‌ట్యాగ్ ఉంది. ధర మూడు వేల పైచిలుకు. ఐఫోను 11, ఆ తర్వాతి చాలా మోడళ్లలో అది ఎన్ని అడుగుల దూరంలో, ఏ దిక్కున ఉందో బాణం గుర్తుతో చూపిస్తుంది, సోఫా సందుల్లో వెతికేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. దానికి రంధ్రం ఉండదు, తగిలించడానికి తొడుగు విడిగా కొనాలి. సాంసంగ్ గెలాక్సీ ఫోన్లకు 2023లో వచ్చిన స్మార్ట్‌ట్యాగ్ 2 ఉంది, దానికి రింగు పట్టే రంధ్రం దానికే ఉంది. అది వేరే కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్లతో పనిచేయదు, కొనే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. మిగతా ఆండ్రాయిడ్ వాళ్లకు గూగుల్ నెట్‌వర్క్ మీద పనిచేసే ట్యాగులున్నాయి. 2024 డిసెంబరులో 1,499 రూపాయలకు వచ్చిన జియోట్యాగ్ గో అలాంటిదే. గూగుల్ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఫోన్లు మామూలుగా ఎలా సెట్ అయి వస్తాయంటే, ఒకే చోట చాలా ఫోన్లు ట్యాగును గుర్తించినప్పుడే దాని చోటు చెబుతాయి. రద్దీ ఉన్నచోట ఫరవాలేదు. పల్లె దారుల్లో అదే ఐఫోను నెట్‌వర్క్ కన్నా బాగుంటుందని నేననుకోను.

నా లెక్కలో ట్యాగ్ అసలు ఉపయోగం ఇంట్లోనే. ఫోనులో నొక్కితే కీచుమని మోగుతుంది, పరుపు కిందైనా వినపడుతుంది. స్టీలు డబ్బాలో పడితే మాత్రం శబ్దమూ సంకేతమూ రెండూ తగ్గిపోతాయి.

ఇక ఉమ్మడిగా వాడే కారుకు వచ్చే తలనొప్పి. ట్యాగ్ మీ పేరు మీద ఉంది, తాళం తీసుకుని మీ యాక్టింగ్ డ్రైవరు కాణిపాకం వెళ్లాడు. ఎవరిదో ట్యాగ్ మీతో పాటు ప్రయాణం చేస్తోందని అతని ఫోనుకు హెచ్చరిక రావచ్చు. రహస్యంగా ఎవరినీ వెంటాడకుండా పెట్టిన ఏర్పాటు అది, మంచిదే. ముందే చెప్పకపోతే మాత్రం అతను మిమ్మల్ని అనుమానిస్తాడు. ఎయిర్‌ట్యాగును ఇంకో ఐదుగురు ఐఫోను వాళ్లతో పంచుకోవచ్చు, ఇంట్లోవాళ్ల వరకు ఆ గొడవ తీరుతుంది.

కొండ విషయానికొస్తే, ఎలక్ట్రానిక్ వస్తువులు గుడిలోకి తీసుకెళ్లనివ్వరు కాబట్టి తనిఖీ దగ్గర ట్యాగ్ గురించి అడగవచ్చు. దర్శనం రోజున దాన్ని రింగు నుంచి తీసి ఫోనుతో పాటు ఉంచడం సుఖం.

బ్యాటరీ చాలావాటికి సీఆర్2032 బిళ్ల, సుమారు ఏడాది వస్తుంది. పిల్లలు మింగకుండా చేదు పూత పూసినవి కొన్ని ఉంటాయి. అవి ఎయిర్‌ట్యాగులో పనిచేయకపోవచ్చని యాపిలే చెబుతోంది.

## కీచైన్ మీద నంబరు

దీనికి ఖర్చు లేనట్టే, అయినా ఎవరూ చేయరు. చిన్న రేకు బిళ్ల మీద ఫోన్ నంబరు చెక్కించి రింగుకు వేయండి. పేరు వద్దు, ఇంటి అడ్రసు వద్దు, కారు నంబరు అసలే వద్దు. దొరికిన మనిషికి మీరు ఎవరో తెలియాల్సిన పనిలేదు, పిలిస్తే చాలు. నంబర్లు రెండు ఉండాలి. ఒకటి మీది, రెండోది ఇంట్లో ఉండేవాళ్లది. మీరు క్యూలో ఉండి, ఫోను కౌంటర్లో ఉన్నప్పుడు రెండో నంబరే మోగుతుంది.

కీచైన్ కొట్టొచ్చినట్టు కనపడే రంగులో ఉండటం కూడా లాభమే. నల్ల రిమోటు, నల్ల తోలు కీచైన్ కారు సీటు మీద పడితే ఎదురుగా ఉన్నా కనపడదు. అలాగని ఇత్తడి ఏనుగులూ గంటలూ గుత్తులుగా వేలాడదీయకండి. తాళం తిప్పి స్టార్ట్ చేసే కారైతే ఆ బరువంతా ఇగ్నిషన్ మీద వేలాడి అరుగుదల పెంచుతుంది.

## ఫోనులో డిజిటల్ కీ

కొత్త కార్లలో కొన్నిటికి ఫోనే తాళం. 2024లో మార్పులతో వచ్చిన హ్యుందాయ్ అల్కజార్, మహీంద్రా బీఈ 6 లాంటివాటిలో ఫోను ఆనించి తలుపు తీసే సౌకర్యం వచ్చింది. ఇంట్లోవాళ్లకు ఫోను ద్వారానే తాళం పంపించవచ్చు, ఎవరి జేబులో ఉందన్న తగువు ఉండదు. ఇది ఉన్నవాళ్లు వాడుకోవాలి. దీనికోసం కారు మార్చాల్సిన అవసరం లేదు. ఇదే ఏకైక తాళంగా నమ్మి అసలు తాళాన్ని ఇంట్లో వదిలి మాత్రం వెళ్లొద్దు, ఫోను పోయిన రోజు రెండూ పోయినట్టే.

## ఎవరికి ఏది

తరచూ కొండకు వెళ్లేవాళ్లు, ముఖ్యంగా మెట్లెక్కేవాళ్లు: నడుముకు కట్టే సంచి, రెండు నంబర్ల బిళ్ల. ట్యాగ్ మీకు రెండో వరసలోది.

ముగ్గురు నలుగురు నడిపే ఇల్లు: ముందు గిన్నె, దాంతో పాటు ఒక నియమం. కారు దిగినవాళ్లు చెప్పులు విప్పే ముందే తాళం గిన్నెలో వేయాలి. ఆ తర్వాత, అందరివీ ఒకే రకం ఫోన్లైతే, ట్యాగ్.

తోటలకూ పొలాలకూ తిరిగేవాళ్లు: బెల్టు క్లిప్పు, కొట్టొచ్చే రంగు కీచైన్. గడ్డిలో పడిన తాళాన్ని ట్యాగ్ నెట్‌వర్క్ కన్నా నారింజ రంగు రిబ్బను ముందు పట్టిస్తుంది. దగ్గరికి వెళ్లాక ట్యాగ్ మోత పనికొస్తుంది కాబట్టి కొంటే కొనండి.

ట్రావెల్స్ కార్లు నడిపించేవాళ్లు: డ్రైవర్లు మారుతుంటారు కాబట్టి మీకు కావాల్సింది పుస్తకం. ఏ తాళం ఎవరికి ఏ పూట ఇచ్చారో సంతకంతో రాసుకోండి, రెండో తాళాలు ఆఫీసులో బీగం వేసిన పెట్టెలో ఉంచండి. నాలుగు కార్లుంటే నాలుగు ట్యాగులు కొనేకన్నా ఈ పుస్తకమే ఎక్కువ పనిచేస్తుంది.

మతిమరుపు మొదలైన పెద్దవాళ్లు ఇంకా బండి నడుపుతుంటే, ఇంట్లో మోగే ట్యాగ్ పెద్ద ఊరట. దాన్ని వాళ్ల ఫోనులో కాకుండా, లేదా దాంతో పాటు, ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా పెట్టండి. "ఎక్కడ పెట్టావు" అని పదిసార్లు అడిగించుకోవడం వాళ్లకు తలవంపుగా ఉంటుంది. పక్క గదిలోంచి మీరు నొక్కి మోగిస్తే వాళ్లే వెతుక్కుని తీసుకుంటారు.

సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్నవాళ్లు బేరం దగ్గరే రెండు తాళాలూ అడగండి. ఒకటే ఉందంటే, రెండోదానికి సర్వీస్ సెంటరులో ఎంతవుతుందో ఫోన్ చేసి కనుక్కుని, ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. రెండూ ఇచ్చినా రెంటితోనూ తలుపు తీసి, రెంటితోనూ ఇంజను స్టార్ట్ చేసి చూడండి. చిప్ లేని నకలు తాళం ఒకటి చేతిలో పెట్టి రెండున్నాయనేవాళ్లూ ఉంటారు. బండి మీ పేరు మీదకు మారగానే, కారు మెమరీలో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో సర్వీస్ సెంటరులో చూపించుకుని, మీ చేతిలో లేనివాటిని తీసేయించండి.